అబూ నాసర్ నారింజ రంగు స్టాంపులు

కువైట్ సిటీలో పాత నాణేలు, పాత నోట్లు, తపాలా స్టాంపులు కొని అమ్మే ఒక కొట్టులో నా ఉద్యోగమంతా గడిచిపోయింది. పని మానేశాను గానీ ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, గడువు ఇంకా ఉంది. అందుకే ఫర్వానియాలో అద్దె గదిలో కూర్చునే ఇది రాస్తున్నాను. ఈ మధ్య మా కడప వైపు నుంచి వచ్చిన పిల్లలు కొందరు ఇలాంటి కొట్లలో చేరారు. ఫోన్ చేసి ఏ పుస్తకం చదవాలి, ఏ భూతద్దం కొనాలి అని అడుగుతుంటారు. చదవండి, కొనండి, నేను కాదనను. కానీ ఈ పనిలో అసలు కష్టం స్టాంపుతో కాదు, దాన్ని పట్టుకొచ్చిన మనిషితో. ఆ సంగతి పుస్తకాల్లో ఉండదు.

నా జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు నన్ను మెచ్చుకున్నారు అన్నవి రాయను. అవి నాకే గుర్తు లేవు.

పేరున్న వాళ్ళ పిచ్చి

రాజులు, దేశాధ్యక్షులు, సినిమా తారలు స్టాంపులు పోగుచేశారని పత్రికల్లో గొప్పగా రాస్తారు. నేను రాజులను చూడలేదు. మా కొట్టు మెట్లెక్కిన వాళ్ళలో ఒక గాయకుడు, ఒక పెద్ద జడ్జి, టీవీలో నవ్వించే నటుడు ఒకాయన, ఒక ఫుట్‌బాల్ ఆటగాడు ఉన్నారు. బయట జనం వీళ్ళ మీద పడిపోతారు. మా బల్ల ముందు కూర్చుంటే మాత్రం బొమ్మ కోసం మారాం చేసే పిల్లల్లా ఉండేవాళ్ళు.

గాయకుడికి పక్షుల స్టాంపులే కావాలి. ఒకసారి పోస్టాఫీసు ముద్ర సరిగ్గా పక్షి కంటి మీద పడిందని, దాన్ని చెరిపేయమని నన్ను పీడించాడు. ముద్ర చెరిపితే స్టాంపు దొంగదైపోతుందని చెప్పాను. నెల రోజులు అలిగాడు. జడ్జిగారు ఒక నకిలీ స్టాంపు తెచ్చి, అది అసలుదని తానే తీర్పు చెప్పేశాడు. కాదంటే కోర్టులో అరిచినట్టు అరిచాడు.

వీళ్ళకు ఈ పిచ్చి ఎందుకు పడుతుందో నాకు చాలాకాలానికి అర్థమైంది. స్టాంపు వాళ్ళతో సెల్ఫీ అడగదు. పాట పాడమనదు. ఆ కాసేపు వాళ్ళు ఎవరూ కానక్కరలేదు. అందుకే స్టాంపుకు ఏమైనా అయితే మామూలు మనిషి కంటే పదింతలు గాభరా పడతారు. పేరున్నవాడు గాభరా పడితే ఎవరో ఒకరి మెడకు చుట్టుకుంటుంది. ఆ మెడ ఎప్పుడూ ఇంట్లో అందరికంటే చిన్న మనిషిదే.

మా యజమాని కువైటీ పెద్దమనిషి. కొట్టులో అందరం ముదీర్ అనేవాళ్ళం. పిసినారి, కోపిష్ఠి, కానీ పనిలో మాత్రం గట్టివాడు. ఆల్బమ్ తెరవగానే చూడనిచ్చేవాడు కాదు. "ముందు వాసన చూడు. కన్ను నువ్వు కోరిందే చూస్తుంది, ముక్కుకు ఆ తెలివి లేదు" అనేవాడు. తడి తగిలిందా, జిగురు కుళ్ళిందా, ఎవరైనా మందు పూశారా అన్నది వాసనే చెబుతుంది. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత నాకూ అదే అలవాటైంది.

ఆ ఫోన్

ఫుట్‌బాల్ ఆటగాడిని అబూ నాసర్ అందాం. అసలు పేరు రాయను. రాస్తే ఇక్కడ యాభై దాటిన ప్రతివాడూ గుర్తుపడతాడు. ఆయన కొట్టిన గోల్స్ ఇప్పటికీ టీవీలో వేస్తుంటారు. ఇంటి ముందు దివానియాలో, అంటే మగవాళ్ళు కబుర్లకు కూర్చునే చావడిలో, రోజూ జనం చేరి ఆ గోల్స్ గురించే మాట్లాడతారు. ఆయనకేమో స్టాంపు అంచుల పళ్ళ గురించి చెప్పాలని ఉంటుంది. వినేవాడు ఒక్కడూ లేడు. అందుకని నన్ను పిలిపించుకుని చెప్పేవాడు.

ఆయన దగ్గర అన్నిటికంటే ముద్దైనది ఒక పేజీ. ఇండియా స్టాంపుల మీదే కువైట్ అని నల్ల అక్షరాలు అచ్చేసి ఇక్కడ వాడిన రోజులు ఉండేవి. ఆ కాలపు నారింజ రంగు స్టాంపులు, వాడనివి, ఒక పేజీ నిండా ఉన్నాయి. వాటిలో మొదటిది వాళ్ళ నాన్న ఇచ్చింది.

ఒక వేసవిలో కుటుంబమంతా చల్లటి దేశానికి పోయి, ఎండలు తగ్గాక తిరిగొచ్చింది. కొన్నాళ్ళకు ఒక ప్రదర్శన కోసం విదేశీ నిపుణుడొకాయన ఆ పేజీ చూడ్డానికి వచ్చాడు. ఆల్బమ్ తెరిస్తే నారింజ లేదు. స్టాంపులన్నీ ముదురు గోధుమ రంగులో, కొన్ని దాదాపు నల్లగా ఉన్నాయి.

మధ్యాహ్నం ముదీర్‌కు ఫోన్ వచ్చింది. ముదీర్ నా వైపు తిరిగాడు. "యల్లా, సంచీ తీసుకో. ఎవరో ఆయన స్టాంపులు మార్చేశారట. మీ దేశపు ఆడమనిషి మీద అనుమానం. నోరు జాగ్రత్త" అన్నాడు.

కారులో పోతూ నేను ఆలోచించింది నా గురించే. అబద్ధమెందుకు, మీరూ అదే చేస్తారు. దొంగతనం కేసులో సాక్ష్యం చెప్పాల్సొస్తే వలసొచ్చినవాడి బతుకు అడకత్తెరలో పోకచెక్క అవుతుంది.

గిన్నె

ఆ ఇంట్లో పనిచేసే రమణమ్మది రాజంపేట దగ్గరి పల్లె. చాలా ఏళ్ళుగా అక్కడే ఉంది. ఇంటావిడను మామా అనీ, అబూ నాసర్‌ను బాబా అనీ పిలిచేది. నేను పోయేసరికి స్టాంపుల గది గుమ్మం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఆమె బ్యాగు అప్పటికే వెతికేసి ఎదురుగా కుమ్మరించారు. రెండు చీరలు, నూనె సీసా, దేవుడి పటం. మామా, వంటమనిషి, డ్రైవర్ గోడ వారగా నిలబడి చూస్తున్నారు. అబూ నాసర్ చేతిలో ఫోన్ ఉంది. మఖ్ఫర్‌లో, అంటే పోలీసు ఠాణాలో, ఆయనకు తెలిసిన అధికారి ఉన్నాడు. ఒక్క మాట చెబితే జీపు వస్తుంది. దొంగతనం రాస్తే ముందు జైలు, తర్వాత వేలిముద్రలు తీసుకుని విమానం ఎక్కించడం. ఇక ఈ నేల మీద మళ్ళీ కాలు పెట్టే వీలుండదు. ఊళ్ళో దిగేది కూడా దొంగగానే.

"నీకు ఆమె భాష వచ్చు కదా. స్టాంపులు ఎవరికిచ్చిందో కనుక్కో" అన్నాడు అబూ నాసర్.

వరండాలో కెమెరా ఉంది. వేసవిలో ఇల్లంతా ఖాళీగా ఉన్నప్పుడు, రమణమ్మ మూత పెట్టిన గిన్నె పట్టుకుని ఆ గదిలోకి పోవడం అందులో పడింది. మళ్ళీ వీళ్ళు తిరిగొచ్చే ముందురోజు ఖాళీ గిన్నెతో లోపలికిపోయి, మూత పెట్టి బయటికొచ్చింది. అడిగితే గదిలోకి పోయానే గానీ బీరువా ముట్టలేదంది. బీరువా తాళంచెవి ఎవరైనా తీస్తే తెలిసేలా మామా దాని మీద పెట్టిన గుర్తు మాత్రం చెదిరిపోయి ఉంది. అబద్ధమని అందరికీ తెలిసిపోయింది.

నన్ను చూడగానే ఆమె లేచి నిలబడింది. "అన్నా, నువ్వు మన పక్కోనివేగదా. ఈళ్ళకు చెప్పన్నా. నేను ఏమీ ఎత్తుకోలేదు. మా యమ్మ తోడు."

"ఎత్తుకోలేదంటే సరిపోదు రమణమ్మా. గిన్నె ఎత్తుకోని పోయినావు, కెమెరాలో ఉండాది. ఏముండె దాంట్లో?"

"ఏం లేదు. తుడిచే గుడ్డ."

"గుడ్డకు మూత ఏంటికి?"

అబూ నాసర్ ఫోన్లో నంబరు వెతుకుతున్నాడు. నేను ఆల్బమ్ అడిగి తీసుకుని, అలవాటు ప్రకారం ముక్కు దగ్గర పెట్టుకున్నాను. బుఖూర్ ధూపం వాసన గుప్పుమంది. కువైటీ ఇళ్ళలో బుఖూర్ పొగ మామూలే, కానీ ఆల్బమ్ పేజీల్లోకి ఇంతగా పట్టించాల్సిన అవసరం ఏమొచ్చింది? ఇంకోసారి చూశాను. దాని కింద సన్నగా వేరే వాసన ఉంది. మా అమ్మ బియ్యం డబ్బా మూత తీస్తే వచ్చే వాసన.

ఆల్బమ్ మూసి రమణమ్మ వైపు తిరిగాను.

"తెల్లగడ్డలు పెట్టినావా?" అన్నాను. వెల్లుల్లిని మా వైపు అలాగే అంటాం.

రమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "పెట్టినా అన్నా. బీరువా అడుగున తెల్ల పురుగు పారాడతాండె. మందు కొట్టొద్దని బాబా చెప్పినాడు, నాప్తలిన్ ఉండలు పెట్టొద్దన్నాడు. బుక్కులు పురుగు తింటే నన్నేగదా అంటారు? బియ్యంలో పురుగు పడితే మా యమ్మ ఏం పెడ్తాదో అదే పెట్టినా. వాసన గట్టిగా రావల్లని చిదిపి, గుడ్డలో మూటలు కట్టి బుక్కుల నడాన పెట్టినా. వాళ్ళు వస్తాండారని తీసేసి పొగ ఏసినా."

"ముందే చెప్పచ్చు గదా, తల్లీ!"

"ఆ రూములో తినే వస్తువు పెట్టొద్దని బాబా గెట్టిగా చెప్పిండె. తెల్లగడ్డ తినేదే గదన్నా. చెప్తే పంపించేస్తాడని బయమేసె."

ఇది మనవాళ్ళు మాత్రమే చేసే తప్పు. బియ్యాన్ని కాపాడిన చెయ్యే స్టాంపునూ కాపాడుతుందనుకుంది. తెల్లగడ్డ పురుగును తరుముతుందేమో గానీ దానిలో గంధకం ఉంటుంది. పాత నారింజ, ఎరుపు రంగుల్లో సీసం కలిపేవారు. మూసిన బీరువాలో, ఏసీ ఆపేసిన గదిలో, కువైట్ వేసవిలో ఆ రెండూ కలిస్తే రంగు నల్లబడుతుంది. మా పనిలో ఇది అందరికీ తెలిసిన జబ్బే. కొందరు మోసగాళ్ళు నల్లబడినవాటిని అరుదైన రంగని చెప్పి అమ్ముతారు కూడా. జాగ్రత్తగా ఉండండి.

ఎవరి మాట నమ్మాలి

నేను అరబ్బీలో అంతా చెప్పాను. అబూ నాసర్ ముఖం ఎర్రబడింది.

"తెల్లగడ్డా! నా స్టాంపులతో కూర వండిందా? మీరిద్దరూ ఒక ఊరు, ఒక భాష. నా కళ్ళ ముందే ఏదో మాట్లాడుకుని ఈ కథ అల్లారు. బయట ఎవడో నల్లబడిన చవక స్టాంపులు ఇచ్చి, నావి పట్టుకుపోయాడు."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి. పాత ఫోటోలు ఫోనులో తీసినవి. రంగు తెలుస్తుంది గానీ అంచుల పళ్ళు పోల్చేంత స్పష్టంగా లేవు. పక్క గదిలో కూర్చున్న విదేశీ నిపుణుడు మంచివాడే. గంధకం కావచ్చు, మార్పిడీ కావచ్చు, తాను ఏదీ ఖాయంగా చెప్పలేనన్నాడు. అది నిజాయితీ. కానీ ఆ నిజాయితీ రమణమ్మను జీపు ఎక్కించడానికి చాలు.

రంగు తిరిగి తెప్పించే దారి ఒకటుంది. పుండ్లు కడగడానికి ఫార్మసీలో అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పలచగా కుంచెతో అద్దితే నలుపు విరుగుతుంది. వాడిన స్టాంపుకైతే భయం తక్కువ. వాడనివాటికి వెనక జిగురు ఉంటుంది. తడి వెనక్కి దిగితే జిగురు పోతుంది, విలువ పోతుంది. నల్లక్షరాలు కారినా అంతే. కొట్టులో ఉన్న ముదీర్‌కు ఫోన్ చేసి ఈ మాట చెప్పగానే ఆయన "వద్దు, వద్దు, వచ్చేయ్" అని కేకలేశాడు. నేను ఫోన్ పెట్టేశాను. అంతకు ముందెప్పుడూ ఆయన మాట కాదనలేదు.

"ఒక్క స్టాంపు మీద చేస్తాను. అన్నిటికంటే తక్కువది ఇవ్వండి" అన్నాను.

అబూ నాసర్ తల అడ్డంగా ఊపాడు. ఆల్బమ్ తిప్పి మొదటి స్టాంపు మీద వేలు పెట్టాడు. వాళ్ళ నాన్న ఇచ్చింది.

"దీని మీద చెయ్. ఇది నాదే అయితే నాకు తెలుస్తుంది. ఎలా తెలుస్తుందో నీకు చెప్పను. కాకపోతే ఆమెతో పాటు నువ్వు కూడా మఖ్ఫర్‌కు వస్తావు."

డ్రైవర్ ఫార్మసీ నుంచి సీసా తెచ్చాడు. బ్లాటింగ్ కాగితం మీద స్టాంపు పెట్టి, కుంచె ముంచి, తడి అంతా దులిపి, పై నుంచి ఒక్కసారి అద్దాను. చెయ్యి వణకకుండా మోచేతిని బల్లకు అదిమి పెట్టుకున్నాను. ఏమీ కాలేదు. రెండోసారి అద్దాను. ఏమీ కాలేదు. గుమ్మం దగ్గర రమణమ్మ గొణుక్కునే ప్రార్థన వినిపిస్తోంది. మామా తస్బీహ్ పూసలు తిప్పుతోంది. ఇక ఆపేద్దామా, ఇంకొంచెం అద్దుదామా అని తేల్చుకోలేక కుంచె పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఈ ఘడియలో ఎక్కువ అద్దినవాళ్ళే స్టాంపులు పాడుచేస్తారు. మీరు మాత్రం ఆగండి.

నేను ఆగాను. కాసేపటికి అంచున సన్నగా పసుపు తిరిగింది. తర్వాత మధ్యలో. చూస్తుండగానే గోధుమ రంగు కరిగి నారింజ పైకి వచ్చింది. నల్లక్షరాలు చెక్కుచెదరలేదు. ఒక్క కింది మూల మాత్రం మిగతా దానికంటే వెలిసినట్టుగా ఉండిపోయింది. ఆ మూల నేనే చెడగొట్టాననుకున్నాను.

అబూ నాసర్ భూతద్దం లాక్కుని ఆ మూలనే చూశాడు. బిగ్గరగా ఊపిరి వదిలాడు.

"చిన్నప్పుడు దీన్ని కిటికీలో మర్చిపోయాను. ఎండ తగిలి ఆ మూల వెలిసింది. మా నాన్న ఆ రోజు నన్ను కొట్టాడు" అన్నాడు. ఆ తర్వాత ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. పిల్లవాడిలా మామాను పిలిచాడు, నిపుణుణ్ణి పిలిచాడు, దివానియాలో కూర్చున్న వాళ్ళను కూడా పిలిచి చూపించాడు. నా భుజం తట్టాడు.

"మరి రమణమ్మ?" అని అడిగాను.

"ఖలాస్, ఖలాస్. అయిపోయింది కదా. వెళ్ళి చాయ్ పెట్టమను."

రమణమ్మ కుమ్మరించిన బట్టలు బ్యాగులోకి సర్దుకుంది, వెళ్ళి చాయ్ పెట్టి అందరికీ ఇచ్చింది. నాకు ఇచ్చేటప్పుడు మెల్లగా "అన్నా, నన్ను రిలీజ్ ఇమ్మని అడుగు. ఈ ఇంట్లో నాకు బువ్వ దిగదింక" అంది. రిలీజ్ అంటే వేరే ఇంట్లో చేరడానికి యజమాని ఇచ్చే అనుమతి. అడిగాను. మామా వద్దని బతిమాలింది. రమణమ్మ వినలేదు. కొన్ని వారాలకు కాగితాలు మారి, ఫహాహీల్‌లో ఒక ఇంటికి పోయింది.

తర్వాత

మిగిలిన స్టాంపులను ఒక్కొక్కటే బాగుచేయడానికి చాలాసార్లు వెళ్ళాను. చాయ్ తెచ్చేది ఇంకో ఆమె. డ్రైవర్ కూడా మానేసి సులైబియాలో ఏదో గోదాములో చేరాడు. కుంచె పనిలో తల వంచుకుని ఉండగా అబూ నాసర్ అడిగాడు. "మీ ఊరి ఆమె ఎలా ఉంది? నా గురించి బయట చెడ్డగా చెబుతోందా?"

పేరున్న వాళ్ళ భయాలన్నీ ఇంతే. "లేదు. మీ పేరే ఎత్తదు. ఇంతకుముందు ఎక్కడ చేశావని ఎవరైనా అడిగితే ఒక ఇంట్లో అంటుంది" అన్నాను.

ఆయనకు ఆ మాట తగిలింది. నేనేదో తిడితే తేలిగ్గా తీసుకునేవాడేమో. ఊరంతా తన పేరే పలికే చోట, అన్నేళ్ళు తన ఇల్లు తుడిచిన మనిషి ఆ పేరు నోట పలకడం లేదు. భూతద్దం పక్కన పెట్టి "ఫోన్ చెయ్" అన్నాడు.

చేసి, ఇద్దరికీ వినబడేలా బల్ల మీద పెట్టాను. రమణమ్మ "చెప్పన్నా" అంది. అబూ నాసర్ ఫోన్ మీదికి వంగి, ఆమెకు అర్థమయ్యే అరబ్బీలో మెల్లగా చెప్పాడు. నువ్వు హరామియా కాదు, దొంగవు కాదు, తప్పు నాది అన్నాడు.

రమణమ్మ జవాబు ఆయనకివ్వలేదు, నాకు ఇచ్చింది.

"అన్నా, బాబాతో చెప్పు" అంది. "నేను దొంగదాన్ని కాదని నాకు తెలీదా? నాకు చెప్తే ఏమొస్తాది? ఆ పొద్దు నా బ్యాగు కుమ్మరించినప్పుడు ఎవురెవురు చూసినారో వాళ్ళకు చెప్పమను. మామాకు, వంటామెకు, ఆ డ్రైవరన్నకు."

నేను ఒక్క మాట కూడా మెత్తబరచకుండా అరబ్బీలో చెప్పాను. డ్రైవర్ ఈ ఇంట్లో ఇప్పుడు లేడని కూడా ఆమెకు చెప్పాను.

"యాడుంటే ఆడికే చెప్పమను" అంది.

అబూ నాసర్ నన్ను చూశాడు, ఫోన్‌ను చూశాడు. పేజీ మీద ఇంకా తడి ఆరని స్టాంపును చూశాడు. కుర్చీ చేతులు పట్టుకుని లేచి గుమ్మం దాకా నడిచాడు. వరండాలోకి తల పెట్టి, మైదానంలో అరిచినట్టు అరిచాడు. మామాను, వంటమనిషిని వెంటనే రమ్మన్నాడు. పాత డ్రైవర్ నంబరు ఎవరి దగ్గర ఉందో కనుక్కుని తెమ్మన్నాడు.